అనంతగిరికి నారింజరంగు కోటు

మెహిదీపట్నంలో తాండూరు బస్సు కోసం నిలబడి ఉండగా, మా తమ్ముడు వేసుకున్న చేతుల్లేని నారింజరంగు కోటును చూసి ఒక పెద్దమనిషి వాణ్ణి రోడ్డు పనుల సూపర్‌వైజరు అనుకొని, ఈ గుంత ఎప్పుడు పూడుస్తారని నిలదీశాడు. ఏళ్ల తరబడి పెన్సిల్వేనియాలో ఉంటున్న మావాడు, డిసెంబరులో అడవికి వెళ్లడమంటే ఆ కోటు లేకుండా కుదరదన్న అలవాటుతో దాన్ని సూట్‌కేసులో పెట్టుకొని మరీ వచ్చాడు. వికారాబాదు అనంతగిరిలో వేట ఎక్కడిదిరా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం కదా అని నేను ఎంత చెప్పినా విప్పలేదు. పైగా నా మెడలోని తెల్ల చున్నీని చూపించి, "అక్కా, అది సంచిలో పెట్టేయి, మా దగ్గరైతే దాన్ని జింక తోక అనుకుంటారు" అన్నాడు. అక్కడి జింకలు బెదిరినప్పుడు తోక పైకెత్తుతాయట, తోక అడుగుభాగం తెల్లగా మెరుస్తుందట. అందుకే వేట రోజుల్లో నడకకు వెళ్లేవారు తెలుపు, గోధుమ రంగులు వేసుకోరట.

బస్సులో నాకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు వచ్చింది, వాడు డబ్బు పెట్టి టికెట్టు కొన్నాడు, సీటు మాత్రం ఇద్దరికీ దొరకలేదు. మొయినాబాదు దాటి చేవెళ్ల మర్రిచెట్ల కింద బస్సు నత్తనడక నడుస్తున్నంతసేపూ వాడు పైకమ్మీ పట్టుకొని ఊగుతూ అక్కడి పద్ధతులు వివరించాడు. థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి శనివారం తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జంతువును ఏ ఆయుధంతో వేటాడవచ్చో ముందే ప్రకటిస్తారు. వేటగాడు తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలకు తగ్గకుండా మెరిసే నారింజరంగు ధరించాలి. వేట కోసం రాష్ట్రం కేటాయించిన అడవుల్లోనైతే, నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య వరకు, ఊరికే నడవడానికి వచ్చినవారికి కూడా ఆ రంగు తప్పనిసరి. మరి జింకలు చూసి పారిపోవా అని అడిగాను. జింక కంటికి నారింజకూ ఆకుపచ్చకూ తేడా తెలియదట, మనిషి కంటికి మాత్రం చెట్ల మధ్య ఆ రంగు ఎంత దూరం నుంచైనా పట్టుబడుతుందట. లైసెన్సు కావాలంటే భద్రతా శిక్షణ పూర్తిచేయాలని, ఆ శిక్షణలకు, అడవి జంతువుల సంరక్షణకు తుపాకుల మీద, తూటాల మీద వేసే కేంద్ర పన్నులో నుంచి డబ్బు వస్తుందని, ఆ పన్నును అడవి జంతువుల సంరక్షణకు కేటాయించిన చట్టం 1937 నాటిదని కూడా చెప్పాడు. శిక్షణలో మొదట నేర్పేది గురి కాదు. తుపాకీ మొన ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకూడదని, గురిపెట్టిన దాని వెనుక ఏముందో తేల్చుకోకుండా పేల్చకూడదని నేర్పుతారు. వింటున్నంతసేపూ నాకు కొంచెం అసూయ, కొంచెం చిరాకు కలిగాయి. జంతువును చంపడానికి ఇంత క్రమశిక్షణ ఎందుకు, చంపకుండా ఉంటే సరిపోదా అని మనసులో అనుకున్నాను.

అనంతగిరి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. పద్మనాభస్వామి దర్శనం అయింది, మూసీ పుట్టిన చోటును అందరూ చూసినట్లే చూశాము, 30 రూపాయలకు రెండు గుటకల టీ తాగాము. ఆదివారం కావడం వల్ల హైదరాబాదు సగం అక్కడే ఉంది. ఒక రిసార్టు నుంచి వస్తున్న డీజే చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినబడటం లేదు. రాత్రికి గుడారంలో పడుకోబెట్టి, తెల్లవారకముందే లేపి సూర్యోదయం చూపిస్తామని ఒక కుర్రాడు మనిషికి 1,500 రూపాయలు అడిగాడు. ఆ రద్దీ భరించలేక రోడ్డు దాటి, చెట్ల మధ్య నుంచి కిందికి దిగే ఒక సన్నని బాట పట్టాము.

బాట అడవి అంచున ఒక పల్లి చేను దగ్గర తేలింది. చేను చుట్టూ కర్రలకు రంగు వెలిసిన పాత చీరలు కట్టి ఉన్నాయి, వాటి లోపలి వైపున సన్నని తీగ సాగుతోంది. మంచె మీది నుంచి ఒక ముసలాయన "గటు పోవద్దు, నిల్వుండుండ్రి" అని కేక వేసి, దిగి గబగబా మా వైపు వచ్చాడు. వచ్చినవాడు నన్ను పట్టించుకోకుండా తమ్ముడి కోటునే ఎగాదిగా చూసి, చేతులు కట్టుకొని, "మా చేన్ల లైను తీగ లేదు సారూ, సోలార్‌దే, కావాల్నంటె డబ్బా సూపిస్త" అన్నాడు. కరెంటు ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చామనుకున్నాడని అర్థం కావడానికి మాకు కొంతసేపు పట్టింది. కాదు తాతా, ఊరికే నడవడానికి వచ్చామని నేను చెబితే ముందు నమ్మలేదు, నమ్మిన తర్వాత నవ్వాడు, నవ్విన తర్వాత మంచె కింద కూర్చోబెట్టి పచ్చి పల్లికాయలు పెట్టాడు. ఆ రోజు అసలు ప్రయాణం అక్కడే మొదలైందని చెప్పాలి.

అడవి పందుల గుంపు ఒక్క రాత్రి చేనులో పడితే తెల్లారేసరికి దున్నిన నేలలా మిగులుతుందని, చీరలకు నాలుగు రోజులే భయపడతాయని, ఆ తర్వాత చీర కింద నుంచే దూరతాయని ఆయన చెప్పుకొచ్చాడు. పంటను పాడుచేసే పందులను అనుమతితో కాల్పించే వీలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షనులో ఉందని నేను చదివిన ముక్క చెబితే, "కాయిదం వొచ్చి, తుపాకి సారు వొచ్చేటాల్లకు పల్లి ఏడుంటది బిడ్డా" అన్నాడు. అందుకే కొందరు రాత్రిపూట దొంగతనంగా లైను మీద కొక్కెం వేసి కరెంటు తీసుకొని, చిన్న చిన్న కర్రలు పాతి, మోకాలికి దిగువన ఇనుప తీగ లాగుతారు. పొలం కాపాడుకోవాలనుకునేవాళ్లు కొందరైతే, మాంసం అమ్ముకోవడానికే లాగేవాళ్లు ఇంకొందరు. ఆయన ఎద్దు ఒకటి పక్క ఊరివాళ్లు లాగిన తీగకు తగిలి చచ్చిపోయింది. వాళ్లు గుట్టుచప్పుడు కాకుండా కొంత డబ్బు ఇచ్చారు, ఈయన కేసు పెట్టలేదు. "సోలార్ తీగ కొట్టి ఇడుస్తది, లైను తీగ వట్టుకుంటది" అని ఆయన చెప్పిన మాటను, ఇంజినీరైన మా తమ్ముడు తలూపుతూ ఒప్పుకున్నాడు. సోలార్ కంచెలో కరెంటు నిరంతరంగా పారదు, సుమారు సెకనుకు ఒకసారి రెప్పపాటు కన్నా తక్కువసేపు తగిలి ఆగుతుంది కాబట్టి జంతువు అదిరిపడి వెనక్కి దూకుతుంది. లైను కరెంటు అలా కాదు, కండరాలను బిగించి పట్టుకొని వదలదు, అందులోనూ మంచు పడి నేల తడిసిన వేకువలో మనిషికైనా పందికైనా దాని నుంచి తప్పించుకొనే సందే ఉండదు.

మేము దిగి వచ్చిన బాటను చూపిస్తూ ఆయన చెప్పిన ఇంకో సంగతి విని నేను నోట్లో పల్లి నమలడం ఆపేశాను. అది మనుషుల బాట కాదట, పందులు, దుప్పులు నీటికి దిగే బాటట. జంతువు కూడా మనలాగే ముళ్లు లేని చోటు, వాలు తక్కువగా ఉన్న చోటు చూసుకొని నడుస్తుంది. అందుకే నగరం నుంచి వచ్చి కొత్త దారి కనిపెట్టామని మురిసిపోయేవాళ్లు చాలాసార్లు పట్టేది జంతువుల బాటనే. ఉచ్చు వేసేవాడు కూడా అక్కడే వేస్తాడు. మంచె గుంజకు వేలాడదీసిన ఒక ఉచ్చును ఆయన తీసి చూపించాడు. మోటారుసైకిలు క్లచ్ వైరుతో చేసింది, లాగిన కొద్దీ బిగుసుకుంటుంది. పిండిలో చుట్టి పెట్టే నాటు బాంబుల సంగతి కూడా ఆయనే ఎత్తాడు. పందుల కోసం పెట్టే అలాంటి పేలుడు పదార్థమే నోట్లో పేలి, కేరళలో కడుపుతో ఉన్న ఒక ఏనుగు 2020లో చనిపోయినప్పుడు దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఊళ్లలో కుక్కలు, మేకలు పోయినప్పుడు మాత్రం అది జిల్లా పేజీ దాటి రాదు.

"తీగలు ఎప్పుడు తీస్తారు తాతా" అని అడిగాను. "పొద్దుగాల్ల తీస్తరు. తాగి పండుకుంటె తియ్యరు. తీసిండ్రో లేదో ఎవనికెరుక?" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా నాకు నిద్ర పట్టలేదు. రాజా దీన్ దయాళ్ తీసిన పాత ఫోటోల్లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చంపిన పులి పక్కన తుపాకీతో కనిపిస్తాడు. ఇప్పుడు మనం పిల్లలకు కృష్ణజింకలను చూపించడానికి తీసుకెళ్లే వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా ఒకప్పుడు నిజాముల వేట స్థలమే. ఆ కాలాన్ని నేను మెచ్చుకోవడం లేదు, వేటను మళ్లీ తెమ్మని అడగడమూ లేదు. అయితే ఏనుగులతో, డప్పులతో, పరివారంతో సాగిన ఆ వేట ఎక్కడ జరుగుతోందో చుట్టుపక్కల ఊళ్లకు తెలిసి ఉండేది. పెన్సిల్వేనియా వేటకు తేదీలున్నాయి, రంగు ఉంది, అడవి మొదట్లో బోర్డు ఉంది. మన దగ్గర వేట నేరం కాబట్టి చేసేవాడు దాక్కొని చేస్తాడు, తుపాకీ చప్పుడు కూడా లేకుండా తీగకు వదిలేసి ఇంటికి వెళ్లి పడుకుంటాడు. నారింజరంగు కోటు మనిషి కంటికి పనికొస్తుంది. కన్ను లేని తీగకు అది ఉన్నా లేకున్నా ఒకటే. నడిచేవాడికి ప్రమాదం ఉందన్న సంగతే అధికారికంగా లేనప్పుడు అతణ్ణి హెచ్చరించేదెవరు? అటవీ సిబ్బంది ఉచ్చులు ఏరడానికి తిరుగుతారని విన్నాను, మంచిదే, కానీ పొలాల గట్ల మీద రాత్రికి వేసి తెల్లారి తీసే తీగను ఏ గస్తీ పట్టుకోగలదు?

ముసలాయన మాటల్లో నుంచి నేను ఏరుకున్న జాగ్రత్తలు ఇవే: పొద్దు బాగా ఎక్కి రైతులు చేలలోకి దిగేదాకా అడవి అంచున నడవకూడదు, గట్టు ఎక్కే ముందు దగ్గరున్న మనిషిని అడగాలి, నేల దగ్గర తీగ కనిపిస్తే అది సోలార్‌దో లైనుదో తేల్చే పని పెట్టుకోకుండా వచ్చిన దారినే వెనక్కి తిరిగి, 1912కు ఫోన్ చేసి కరెంటువాళ్లకు చెప్పాలి, కుక్కను తీసుకెళ్తే గొలుసు వదలకూడదు.

ఇవన్నీ మా కాలనీలో ట్రెక్కింగ్ వాట్సాప్ గ్రూపు నడిపే కుర్రాడికి చెప్పి, వికారాబాదు నడకలను ఎనిమిది గంటల తర్వాత మొదలుపెట్టమని అడిగాను. అతను శ్రద్ధగానే విన్నాడు. "మీరు చెప్పింది నిజమే ఆంటీ, కానీ సూర్యోదయం లేకపోతే మనిషికి 1,200 ఎవరిస్తారు?" అన్నాడు. కనీసం ముందు రోజు సాయంత్రం ఆ ఊరికి వెళ్లి బాట గురించి అడిగి రమ్మన్నాను. దానికి పెట్రోలు ఖర్చు ఎవరి మీద వేయాలో ఆలోచిస్తానన్నాడు. సంక్రాంతి సెలవుల నడకకు ప్రకటన నిన్ననే పెట్టాడు, బయలుదేరే సమయం తెల్లవారుజామున 3 గంటలు అని ఉంది. నేను పేరు ఇవ్వలేదు, దాని కిందనే ముసలాయన చెప్పిన తీగల సంగతి పూర్తిగా రాసి పెట్టాను. ఇప్పటికి ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారని అతను నా మీద కోపంగా ఉన్నాడు.