లాటిన్ పద్యానికి గురులఘువులు

కేంబ్రిడ్జిలో క్లాసిక్స్, అంటే ప్రాచీన గ్రీకు, రోమను భాషలూ నాగరికతలూ చదువుతానని మా అమ్మాయి అన్నప్పుడు, ఇంగ్లండులోని తెలుగు స్నేహితులూ విజయవాడలోని బంధువులూ అడిగింది ఒక్కటే: దానితో ఏ ఉద్యోగం వస్తుంది? ఫీజు కట్టేవాళ్లం కనుక మేమూ అడిగాము. న్యాయవాద వృత్తిలోకీ ప్రభుత్వ సర్వీసుల్లోకీ వెళ్లేవారు ఉన్నారని తెలిశాక ఆ చర్చ ఆగింది.

తన పాఠశాలలో లాటిన్ లేదు కాబట్టి ఆమె 4 సంవత్సరాల కోర్సులో చేరింది. అందులో మొదటి ఏడాది ప్రధానంగా లాటిన్‌కే పోతుంది. సెలవుల్లో ఇంటికి వచ్చి, రోమను కవి వర్జిల్ రాసిన లాటిన్ కావ్యం ‘ఈనియడ్’ ముందు పెట్టుకొని, చెల్లాచెదురుగా ఉన్న పదాలను విభక్తుల ఆనవాలుతో పట్టుకొని వరుసగా పేర్చుకుంటుంటే, అది మా తెలుగు మాస్టారు చేయించిన అన్వయం, ప్రతిపదార్థమేనని చూడగానే తెలిసింది.

ఛందస్సు మరీ దగ్గరి చుట్టం. ఆ కావ్యపు తొలి పాదాన్ని పదాలు కలిపి ‘అర్మ విరుంక్వె కనో త్రోయై క్వీ ప్రీముసబోరీస్’ అని చదివితే, మన పద్ధతిలోనే భ, భ, గగ, గగ, భ, గగ అని గణవిభజన చేయవచ్చు. భగణమంటే ఒక గురువు, రెండు లఘువులు; గగమంటే రెండు గురువులు. పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగింటిలో భగణమైనా గగమైనా వేసుకోవచ్చు, ఐదోది సాధారణంగా భగణమే, ఆరోదానికి రెండే అక్షరాలు. మా ఊళ్లోని ఆదివారపు తెలుగు బడి వార్షికోత్సవానికి పాటలు బట్టీ పట్టించిందే తప్ప, పిల్లలకు గురువేదో లఘువేదో ఒక్కనాడూ చెప్పలేదు. మా అమ్మాయి వాటిని రోమను కవి దగ్గర నేర్చుకుంది.

అందుకే పోతన ‘ఎవ్వనిచే జనించు’ పద్యం వినిపించాను. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని గాని చదవలేని పిల్ల, ఇంగ్లీషు లిపిలో రాసుకొని గణాలు సరిగ్గానే విడదీసింది. నాలుగు పాదాల్లోనూ భ, ర, న, భ, భ, ర, వ తప్పకుండా రావాలనీ, పైగా యతి ఉండాలనీ, ప్రాస కోసం ప్రతి పాదంలో రెండో అక్షరంగా ‘వ్వ’ మళ్లీ మళ్లీ రావాలనీ చెబితే, కవికి ఇన్ని సంకెళ్లు ఎందుకని అడిగింది. ప్రాస ఉండబట్టే పద్యం నోటికి వస్తుందన్నాను. ప్రాస లేకుండానే వర్జిల్ పాదాలు తనకు నోటికి వచ్చాయి కదా అంది. ఈ వాదన ఇంకా తెగలేదు.