మొయినాబాద్ దాకా గాలి, అక్కణ్ణుంచి నేను

వెళ్లేటప్పుడు గంటకు 19 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 11. అదే రోడ్డు, అదే సైకిలు, అదే నేను. ఫోను చూపించిన ఈ రెండు అంకెల మీద నాకింకా కోపం చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు 44 ఏళ్లు, 91 కిలోలు. సైకిలు వదిలేసి పాతికేళ్లు దాటింది. షుగరు గీత మీద ఉందని డాక్టరు చెప్పాక నవంబరులో 21 వేలు పోసి గేర్ల సైకిలు కొన్నాను. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేసుకుంటున్నాం. దీని మీద ఏం ఆరేద్దాం?" అంది. జవాబు చెప్పలేదు గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. నెలంతా కాలనీలోనే తిరిగాను. అదీ వారానికి రెండు రోజులు, ఎండ వచ్చాక. డిసెంబరు రెండో ఆదివారం మాత్రం తెల్లవారకముందే హైదరాబాదు శివార్లలో మా బండ్లగూడ నుంచి చేవెళ్ల రోడ్డు పట్టాలని శనివారం రాత్రే బట్టలు, నీళ్ల సీసా, రెండు అరటిపండ్లు టేబుల్ మీద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున ఏది ఎక్కడుందో వెతకాల్సి వస్తే నేను మళ్లీ దుప్పట్లోకే పోతానని నాకు తెలుసు.

ఐదుంపావుకి బయట 12 డిగ్రీలు. మంకీ క్యాప్ పెట్టుకుంటే హెల్మెట్ పట్టలేదు. మా ఆవిడ స్కార్ఫ్ చెవులకు చుట్టుకుని దాని మీద హెల్మెట్ బిగించుకున్నాను. బనియను, టీషర్టు, స్వెట్టరు, పైన జర్కిన్. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు, గౌరవంతో కాదు.

అప్పా జంక్షన్ దాకా కుక్కల భయం తప్ప చెప్పుకోవడానికేం లేదు. రింగురోడ్డు కింద నుంచి దాటాక ఎడమవైపు హిమాయత్ సాగర్, కుడివైపు గండిపేట. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాదును కాపాడటానికి కట్టించిన చెరువులు. రోడ్డు మీదకి నీళ్లు కనిపించవు గానీ, ఆ చలి అటూ ఇటూ ఆ నీళ్ల నుంచే వస్తోందేమో అనిపించింది. చేతివేళ్లు బ్రేకు మీదే కొయ్యబారిపోయాయి. ముక్కు కారుతూనే ఉంది. అజీజ్‌నగర్ దాటేసరికి మాత్రం లోపల ఉక్కపోత మొదలైంది. చలికని తొడుక్కున్నవన్నీ ఒక్కొక్కటే విప్పి బ్యాగులో కుక్కాల్సి వచ్చింది. ఇంట్లోంచి బయటికి రాగానే కాస్త వణుకు పుడితేనే బట్టలు సరిపోయినట్టట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

అక్కణ్ణుంచి సైకిలు తనంతట తనే పోతున్నట్టు ఉంది. ఆయాసం లేదు, తొడలు పట్టేయలేదు. ఫోను 19 అంటోంది, 20 అంటోంది. నాలో నేనే మురిసిపోయాను. మా ఊరి నుంచి హైస్కూలు ఐదు కిలోమీటర్లు. నాన్న అట్లాస్ సైకిలు మీద, సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ పోయేవాణ్ణి. కైంచి తొక్కుడు అనేవాళ్లం. వెనక క్యారేజీ మీద తమ్ముడు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా. ఒళ్లు ఏదీ మర్చిపోదు, ఎక్కడో దాచి ఉంచుతుంది అనుకుంటూ, చిలుకూరు బాలాజీ గుడి మలుపు దగ్గరే వెనక్కి రావాలన్న ప్లాను పక్కన పెట్టేశాను. ఏదైనా ఉంటే దేవుడితో ఇంకో వారం మాట్లాడుకుందాంలే అనుకున్నాను. మొయినాబాద్ కూడా దాటేశాను, మర్రిచెట్ల కోసం.

ఆ చెట్లను చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అప్పా నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకి దాదాపు 900 ఉన్నాయని, రోడ్డు వెడల్పు చేస్తే కొట్టేస్తారని ఏళ్ల తరబడి గొడవ నడిచింది. కారులో పోతే అవి వరసగా వచ్చే నీడలు, అంతే. సైకిలు మీద ఒక చెట్టు కిందికి వెళ్లి బయటపడేదాకా పట్టే సమయంలో ఆకుల మీంచి మంచు నీళ్లు మెడ మీద నాలుగు చుక్కలు పడ్డాయి. అక్కడ ఆగి, అరటిపండు తిని, ఫొటో తీసి, ఆఫీసు గ్రూపులో పెట్టి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆదివారం ఏడింటికి ఎవరు లేస్తారు! లేచి సైకిలు తీస్తే వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది.

నడిపించుకుంటూ మొయినాబాద్ వైపు వెనక్కి. ఫామ్‌హౌసుల్లో రాత్రంతా గడిపి ఇంటికి పోతున్న కార్లు చెవి పక్క నుంచి దూసుకుపోతున్నాయి. జామకాయల బండి ఆవిడ, "పంచరా సార్? ముందట ఉన్నది షాపు" అని నేనడక్కుండానే చెప్పింది.

షాపంటే ఒక రేకుల పందిరి, కంప్రెసరు, వేలాడుతున్న టైర్లు. ఆయనకి అరవై ఉంటాయి. మెడకి మఫ్లర్, చేతిలో టీ. నేను గొప్పగా, "ఇది ప్రెస్టా వాల్వ్. మీ గాలి పైపు దీనికి పట్టదేమో" అన్నాను. బైకులకి ఉండేదానికన్నా సన్నటి వాల్వ్ అన్నమాట. సైకిలు కొన్న షాపులో నాకు అప్పగించిన ఏకైక జ్ఞానం అది. ఆయన మాట్లాడకుండా మేకుకి దారంతో కట్టి వేలాడదీసిన చిన్న ఇత్తడి ముక్క తీసి, సన్నటి వాల్వ్ కొన వదులు చేసి, దాని మీద బిగించి, బైకుల పైపే పెట్టి గాలి కొట్టాడు. "ఐతారం ఐతారం మీ అసొంటోళ్లు వస్తరు కద సార్. ఒకటి తెచ్చి పెట్టిన."

ట్యూబు నీళ్ల టబ్బులో ముంచాడు. బుడగలు వచ్చిన చోట గీత పెట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి ప్యాచ్ అతికాడు. అయిపోయిందనుకుని నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆయన టైరు లోపల వేలితో చుట్టూ తడుముతూ పోయి, ఒక చోట ఆగి, తుమ్మముల్లు మొన ఊడబీకి నా అరచేతిలో పెట్టాడు. "ఇది తియ్యకపోతే మల్ల అదే కథ."

"ఎన్నో ఐతారం సార్ ఇది?"

అర్థం కాలేదు. "అంటే?"

"ఈ సైకిలు మీద ఇటు వచ్చుడు."

"మొదటిది."

తల ఊపాడు. "డిసెంబర్ల బాగ వస్తరు. అంగీలు, టోపీలు, అన్నీ కొత్తవి. సంక్రాంతి దాటినంక సగం కనవడరు. శివరాత్రికి నలుగురు మిగుల్తరు." బాధతోనో వెక్కిరింపుగానో అన్న మాట కాదు. వానలు ఎప్పుడు పడతాయో చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడు నా 19 సంగతి ఎత్తాను. మొదటిసారే ఇంత స్పీడుతో వచ్చానని. ఆయన మఫ్లర్ కొస పట్టుకుని వదిలాడు. అది నేను పోవాల్సిన దిక్కుకి వీపు తిప్పి, పడమటికి ఎగిరింది. "తూర్పు గాలి సార్. వచ్చేటప్పుడు నూకింది మిమ్మల్ని. చలికాలం గంతే. ఎండెక్కినకొద్దీ జోరు జేస్తది. ఎనిమిదికల్లా వాపస్ మల్లాలె."

అప్పుడు ఎనిమిదిన్నర.

పోబోతుంటే ఆపి, నా సీటు మరీ కిందికి ఉందని, మోకాళ్లు పోతాయని, లివరు తిప్పి నాలుగు వేళ్లంత పైకి లేపాడు. కూర్చుని కాళ్లు రెండూ నేలకి ఆనాలని నేనే అలా పెట్టించుకున్నాను. తొక్కుతున్నప్పుడు పెడల్ అడుగుకి వెళ్తే కాలు దాదాపు చాపినట్టు ఉండాలట, మోకాలు కొంచెమే వంగాలట. అన్నిటికీ కలిపి 50 రూపాయలు తీసుకున్నాడు. పక్కన హోటల్లో మూడు ఇడ్లీకి 45, టీకి 15. చట్నీ నీళ్లలా ఉంది. ఆ సంగతి అలా ఉంచుదాం.

తిరుగు ప్రయాణం గురించి ఎంత చెప్పినా గాలి గురించే. కంటికి కనబడదు, ఎవర్నీ తిట్టలేం. ఎత్తు ఎక్కడమైతే పైన ఒక చివర ఉంటుంది, ఎదురుగాలికి చివర లేదు. మళ్లీ తొడుక్కున్న జర్కిన్ బుడగలా ఉబ్బి నన్ను వెనక్కి లాగింది. అన్నిటికన్నా తేలిక గేరులో పెట్టినా 11 దాటలేదు. కరెంటు స్తంభాలు లెక్కపెట్టాను. పదికి ఒకసారి ఆగొచ్చని ఒప్పందం. తర్వాత ఏడుకి. అజీజ్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి నాలుగుకి. వెనక నుంచి వచ్చిన బస్సులో మనుషులే ఫుట్‌బోర్డు మీద ఉన్నారు, సైకిలు సంగతి అడగడానికి కూడా నోరు రాలేదు. చివరికి ఒక ట్రాలీ ఆటోని ఆపాను.

"బండ్లగూడ దాకా ఎంత?"

"ఆరు వందలు."

"సైకిలు ఒక్కదానికా?"

"మీరు కూడా ఎక్కుండ్రి సార్. మీకు ఫ్రీ."

నిజం చెప్పాలంటే ఆ రోజు నన్ను ఇంటికి చేర్చింది పట్టుదల కాదు, ఆరు వందలు. 21 వేలు పెట్టి కొన్న సైకిలుని ఆరు వందలిచ్చి ఆటోలో ఇంటికి తెచ్చానని మా ఆవిడకి తెలిస్తే ట్రెడ్‌మిల్ మాట జీవితాంతం వినాలి. మూడు వందలు అని ఉంటే ఎక్కేసేవాణ్ణి.

పదకొండుకి ఇల్లు చేరాను. మోకాళ్లు నొప్పి లేవు, అది మాత్రం ఆశ్చర్యం. నొప్పి వేరే చోట్ల ఉంది. సోమవారం ఆఫీసులో నిలబడే మీటింగు చేశాను. ఆఫీసు గ్రూపులో నా మర్రిచెట్టు ఫొటోకి రెండు బొటనవేళ్లు వచ్చాయి.

తర్వాతి ఆదివారం అలారం మోగినప్పుడు ఆరోగ్యం, షుగరు, ఏవీ గుర్తు రాలేదు. శివరాత్రికి నలుగురు అన్న మాటే వినిపించింది. ఆయన లెక్క తప్పుచేద్దామనే మొండితనం తప్ప లోపల ఇంకేం లేదు. ఐదుకే బయల్దేరి, అజీజ్‌నగర్ దాకా పోయి, ఏడున్నరకల్లా వెనక్కి వచ్చేశాను. గాలి నిద్ర లేచేలోపు ఇంట్లో ఉన్నాను. మూడో ఆదివారం చిలుకూరు మలుపు దాకా. నాలుగోది వర్షం సాకుతో ఎగ్గొట్టాను, మబ్బు పట్టింది తప్ప చుక్క పడలేదు.

సంక్రాంతి తర్వాతి ఆదివారం మళ్లీ ఆ షాపు దగ్గర ఆగాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఇలాంటి హెల్మెట్లు ఎన్ని చూసి ఉంటాడు! "ఐదో ఐతారం" అని నేనే చెప్పాను. గాలి కావాలా అంటే, 60 రూపాయలు పెట్టి కొన్న నా ఇత్తడి అడాప్టరు జేబులోంచి తీసి చూపించాను. ఇటు తిప్పి అటు తిప్పి చూసి నా చేతికి ఇచ్చేశాడు.

"అయితే నా గిరాకీ ఒకటి పోయింది," అన్నాడు. "సీటు ఇంకొంచెం లేపన్నా?"