లింక్డ్ లిస్ట్ ప్రశ్నల్లో పాయింటర్ తప్పులు: నేను ప్రిపేరైన పద్ధతి

గేట్ పరీక్షలో సీఎస్ (కంప్యూటర్ సైన్స్) పేపర్‌కి చదివేవాళ్లు చాలామంది లింక్డ్ లిస్ట్‌ని ఒక్క పూటలో ముగించేస్తారు. లింక్డ్ లిస్ట్ అంటే నోడ్ల గొలుసు: ప్రతి నోడ్‌లో ఒక విలువ, తర్వాతి నోడ్ అడ్రస్ దాచే నెక్స్ట్ అనే పాయింటర్ ఉంటాయి. మొదటి నోడ్ అడ్రస్ హెడ్‌లో ఉంటుంది, చివరి నోడ్ నెక్స్ట్‌లో నల్ (ఏ అడ్రస్సూ లేదు) ఉంటుంది. ఇన్సర్ట్, డిలీట్, రివర్స్ చూశాం, అయిపోయింది అనుకుంటారు. పేపర్లో మాత్రం ప్రశ్న అలా రాదు. కోడ్ ఇచ్చి మధ్యలో ఖాళీ వదులుతారు, లేదా అవుట్‌పుట్ అడుగుతారు. అందుకే ఈ టాపిక్‌ని నేను ఆపరేషన్ల వారీగా కాకుండా తప్పుల వారీగా చదివాను. పాత పేపర్లలో ప్రతి తప్పు ఆప్షన్‌నీ తీసుకుని, ఇది పెడితే లిస్ట్ ఏమవుతుందో బొమ్మ గీసేదాన్ని. సరైన ఆప్షన్ కంటే తప్పు ఆప్షన్లే ఎక్కువ నేర్పాయి.

2010 పేపర్లోని ప్రశ్న చూడండి. చివరి నోడ్‌ని తెచ్చి ముందు పెట్టాలి. లూప్‌లో పీ ముందు నడుస్తుంది, క్యూ ఒక అడుగు వెనక వస్తుంది. లిస్ట్ 1, 2, 3, 4 అనుకుంటే లూప్ అయ్యేసరికి పీ 4 దగ్గర, క్యూ 3 దగ్గర ఉంటాయి. తర్వాత రావాల్సిన మూడు స్టేట్‌మెంట్లు మనం ఎంచుకోవాలి.

ఒక ఆప్షన్: క్యూ = నల్; పీ->నెక్స్ట్ = హెడ్; హెడ్ = పీ. పైపైన చూస్తే బాగానే ఉంది. కానీ క్యూ అనేది ఫంక్షన్‌లోని ఒక వేరియబుల్ మాత్రమే. దాన్ని నల్ చేసినంత మాత్రాన 3వ నోడ్‌లోని నెక్స్ట్ మారదు, అది ఇంకా 4నే చూపిస్తుంది. 4 వెళ్లి 1ని చూపిస్తోంది. ఇక ప్రింట్ చేస్తే 4, 1, 2, 3, 4, 1... ఆగదు.

ఇంకో ఆప్షన్: క్యూ->నెక్స్ట్ = నల్; హెడ్ = పీ; పీ->నెక్స్ట్ = హెడ్. సరైన జవాబులో (క్యూ->నెక్స్ట్ = నల్; పీ->నెక్స్ట్ = హెడ్; హెడ్ = పీ) ఉన్న మూడు స్టేట్‌మెంట్లే ఇవి, వరుస మారిందంతే. మూడోది నడిచే సమయానికి హెడ్ అంటేనే 4. కాబట్టి 4 తనను తానే చూపించుకుంటుంది. 1 అడ్రస్ ఆ ఫంక్షన్‌లో ఎవరి దగ్గరా మిగల్లేదు.

మూడోది అసలైన మెలిక: హెడ్ = పీ; పీ->నెక్స్ట్ = క్యూ; క్యూ->నెక్స్ట్ = నల్. రఫ్ షీట్ మీద రెండు నోడ్లే గీసి చూస్తే ఇది కరెక్ట్‌గా పనిచేస్తుంది! 2, 1 అని వచ్చేస్తుంది. నాలుగు నోడ్లతో చేస్తే 4, 3 దగ్గర లిస్ట్ ఆగిపోతుంది, 1, 2 గల్లంతు. టైమ్ లేదని చిన్న లిస్ట్‌తో చెక్ చేసేవాళ్లని పట్టుకోవడానికే పెట్టినట్టుంది. ఖాళీ లిస్ట్, ఒక్క నోడ్ కేసులు ఎలాగూ చూడాలి, కానీ లింకులు మార్చే కోడ్‌కి మూడు నోడ్లైనా లేకుండా తీర్పు ఇవ్వకండి. రెండు మార్కుల ఎంసీక్యూ తప్పితే 2/3 కోత పడుతుంది మరి.

వీటిలో చివరి రెండింటినీ పట్టించే ప్రశ్న ఒకటే. ప్రతి అసైన్‌మెంట్‌కి ముందు, ఇప్పుడు చెరిగిపోయే అడ్రస్ ఇంకెక్కడైనా ఉందా అని అడగండి. మధ్యలో కొత్త నోడ్ పెట్టేటప్పుడు ముందు ఎన్->నెక్స్ట్ = పీ->నెక్స్ట్, తర్వాతే పీ->నెక్స్ట్ = ఎన్ అని ఎందుకు రాస్తామో బట్టీ పట్టక్కర్లేదు. తిప్పి రాస్తే మిగతా లిస్ట్ అడ్రస్ చెరిగిపోతుంది, కొత్త నోడ్ తనను తానే చూపించుకుంటుంది.

మాలాక్ (కొత్త నోడ్‌కి మెమరీ ఇచ్చే సీ ఫంక్షన్) దగ్గర కొలత చూసుకోండి. సైజాఫ్(పీ) అంటే పాయింటర్ సైజు, 64 బిట్ మెషీన్ మీద 8 బైట్లు. ఒక ఇంట్, ఒక పాయింటర్ ఉన్న నోడ్‌కి మామూలుగా 16 కావాలి. సైజాఫ్(*పీ) అని రాస్తే గొడవ ఉండదు. మాలాక్ మెమరీని సున్నా చేయదు కాబట్టి నెక్స్ట్‌కి నల్ మీరే పెట్టాలి. ఫంక్షన్‌కి హెడ్ పంపితే వెళ్లేది దాని కాపీ. లోపల హెడ్ మారినా పిలిచినవాళ్ల హెడ్ మారదు. కొత్త హెడ్‌ని రిటర్న్ చేయాలి, లేదా డబుల్ పాయింటర్ (హెడ్ వేరియబుల్ అడ్రస్) తీసుకోవాలి.

ఫ్రీ(పీ) చేసి, అంటే ఆ నోడ్ మెమరీని వదిలేశాక, పీ = పీ->నెక్స్ట్ అని రాసిన కోడ్ చాలాసార్లు ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది. ఆ మెమరీలో పాత విలువ ఇంకా చెరగకపోవడమే కారణం. సీ స్టాండర్డ్ ప్రకారం అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరుగుతుందో ఏ హామీ లేదు. కాబట్టి ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు అవుట్‌పుట్ వచ్చిందని సంబరపడకండి. జీసీసీ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసి, లైన్ నంబర్ల కోసం -జీ కూడా పెట్టి కంపైల్ చేయండి. ఏ లైన్‌లో ఫ్రీ చేశారు, ఏ లైన్‌లో మళ్లీ ముట్టుకున్నారు, రెండూ చెప్తుంది. వాల్‌గ్రైండ్ కూడా ఈ పని చేస్తుంది, కాస్త నెమ్మది.

షరతుల వరుస కూడా అంతే ముఖ్యం. వెతికే లూప్‌లో పీ != నల్ && పీ->డేటా != కీ అని రాస్తే భద్రం, ఎందుకంటే సీలో && ఎడమ వైపు అబద్ధమైతే కుడి వైపు చూడదు. తిప్పి రాస్తే, కీ లిస్ట్‌లో లేనప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్, ప్రోగ్రామ్ పడిపోతుంది.

చివరగా మీకో పని. 2008లో రీఅరేంజ్ అనే ఫంక్షన్ ఇచ్చి, 1 నుంచి 7 వరకు ఉన్న లిస్ట్ ఏమవుతుందో అడిగారు. జవాబు 2, 1, 4, 3, 6, 5, 7. అందులో లింకులేవీ మారవు, విలువలే జతలుగా తారుమారవుతాయి, బాణాలు గీస్తూ కూర్చుంటే టైమ్ వృథా. లూప్ చివర క్యూ = పీ ? పీ->నెక్స్ట్ : 0 అని ఉంటుంది. ఆ పీ చెకింగ్ తీసేసినా 7 నోడ్లకి అదే జవాబు వస్తుంది. తీసేసి 6 నోడ్లతో నడపండి, ఏ లైన్‌లో పడిపోతుందో కంపైలర్ తెరవకుండా కాగితం మీదే పట్టుకోండి.