నా చేత్తో కంపోజ్ చేసిన టులెట్ బోర్డు

2024 జులై 8, సోమవారం. ముందు రోజే గోల్కొండలో బోనాలు మొదలయ్యాయి. పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతోంది. సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్, ఫ్యామిలీకి మాత్రమే. మా బిల్డింగులో పైన రెండే పోర్షన్లు. పక్కవాళ్లు ఎక్కడికీ పోవడం లేదు. అంటే ఖాళీ కాబోయేది మేము.

ఆ బోర్డు చేసింది నేనే. చిక్కడపల్లిలో పెళ్లి కార్డుల షాపులో డీటీపీ చేస్తాను. రెండేళ్ల కింద ఓనర్ ఆంటీ అడిగితే లంచ్ టైంలో కంపోజ్ చేసి, లామినేషన్ చేయించి, రెండు మూలలకు చిల్లులు పెట్టి ఇచ్చాను. డబ్బులు కూడా తీసుకోలేదు. "పోర్షన్"లో ర్ష కింద వత్తు కొంచెం పక్కకు జరిగి ఉంది. రెండేళ్లలో ఎప్పుడూ కనబడని తప్పు ఆ పొద్దున కనబడింది. పాలు చేతిలో పట్టుకుని ఆ వత్తునే చూస్తూ నిలబడ్డాను.

ముందు సంగతి చెప్పాలి. మార్చిలో మా ఆయన ట్రాలీ ఆటోకు యాక్సిడెంట్ అయింది. ఎడమ కాలు విరిగింది. గాంధీలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఆయన సంపాదన అక్కడ ఆగింది. నాది ఇంకో రకంగా ఆగింది. ఆ ఏడాది ఏప్రిల్ ఆఖరు నుంచి మూఢం. శుక్ర మూఢం, గురు మూఢం రెండూ కలిసొచ్చాయి. అది అయిపోగానే ఆషాఢం. శ్రావణం దాకా పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేకపోతే కార్డులు లేవు. మధ్యలో లోక్‌సభ ఎన్నికల కరపత్రాల పని వచ్చింది. పని వచ్చింది గానీ దాని డబ్బులు వెంటనే రాలేదు. మా సార్ మే నుంచి నాకు సగం జీతమే ఇచ్చాడు. ఎనిమిది వేలు. నా కిరాయి, నీళ్లతో కలిపి తొమ్మిదిన్నర వేలు.

మే, జూన్, జులై. మూడు నెలలకు 28,500.

ఆపరేషన్ టైంలో అడగకుండానే డబ్బులు వచ్చాయి. మా అన్నయ్య పది వేలు పంపాడు. మా ఆయన ఆటో స్టాండు వాళ్లు చందా వేసుకుని ఆరు వేలు తెచ్చి దిండు కింద పెట్టి వెళ్లారు. ఓనర్ ఆంటీ కూడా కొబ్బరి బోండాలు తెచ్చింది. అదే జూన్‌లో కిరాయికి అడిగితే అందరూ సలహాలు ఇచ్చారు. చిన్న ఇంటికి మారమన్నారు, ఊళ్లో కొన్నాళ్లు ఉండి రమ్మన్నారు. మా అన్నయ్యైతే "కిరాయిదేముంది, ఒక నెల అటూ ఇటూ అయితే వాళ్లేమంటారు" అన్నాడు. కాలు విరిగితే ఎక్స్‌రే ఉంటుంది. కిరాయి బాకీకి ఏం చూపిస్తాం?

ప్రభుత్వం వైపు వెతికినా అంతే. ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ ఉంది. బిల్లులకు సీఎం రిలీఫ్ ఫండ్ ఉంది. ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు ఉంది. 200 యూనిట్ల లోపు వాడుకుంటాం కాబట్టి మాకు కరెంటు బిల్లు జీరో వస్తుంది, నాకు బస్సు టికెట్ జీరో. కిరాయికి మాత్రం ఏ ఆఫీసులోనూ కిటికీ లేదు. డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురు ఫోన్‌లో, "అక్కా, ఇక్కడైతే 211కి ఫోన్ చేస్తే ఎవరు సాయం చేస్తారో చెప్తారు, కరోనా అప్పుడు గవర్నమెంటే ఓనర్లకు రెంట్ కట్టింది" అంది. తర్వాత చదివాను, రెండు విడతల్లో 46 బిలియన్ డాలర్ల పైనే కేటాయించారట. ఇక్కడ 2020 ఏప్రిల్‌లో మార్చి, ఏప్రిల్, మే కిరాయిలు అడగొద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోమని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. అప్పటి మా ఓనర్ ఆ మూడు నెలలు అడగలేదు. తర్వాత మొత్తం కట్టించుకున్నాడు, అది న్యాయమే. కానీ ఆ మాట కరోనాతోనే పోయింది.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. జూన్ అంతా ఆంటీకి కనబడకుండా తిరిగాను. పొద్దున ఆమె పూజలో ఉన్నప్పుడు దిగిపోవడం, రాత్రి కింద టీవీ ఆపేశాక చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లెక్కడం. ఆమె ఫోన్ వస్తే సైలెంట్‌లో పెట్టి, వెలుగు ఆరిపోయేదాకా స్క్రీన్ చూస్తూ కూర్చునేదాన్ని. అంకుల్ పోయాక ఆమెకు పెన్షన్ లేదు. ఈ రెండు పోర్షన్ల కిరాయే ఆమె మందులు, ఆమె కూరగాయలు. అది నాకు తెలుసు. తెలిసే దాక్కున్నాను. అందుకే చివరికి ఆమె మాట్లాడటం మానేసింది, కూకట్‌పల్లిలో ఉండే కొడుకు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"పదిహేనో తారీఖుకల్లా ఖాళీ చేయండి" అన్నాడు ఫోన్‌లో. బోర్డు కట్టింది అతనే. రెండు రోజులకు మా వైపు నీళ్ల వాల్వ్ కూడా తిప్పేశాడు. పక్క పోర్షన్ అక్క తన బకెట్లు మా గడప దగ్గర పెట్టింది. మా ఆయన చంక కర్రల మీద లేచి ఆ బకెట్ లోపలికి జరుపుదామని చూసి, సగం నీళ్లు వరండాలో పోసుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆ రాత్రి లెక్క వేశాను. ఖాళీ చేస్తే కొత్త ఇల్లు పదకొండు వేలకు తక్కువ దొరకదు. రెండు నెలల అడ్వాన్స్ ఇరవై రెండు వేలు, మొదటి నెల పదకొండు, సామాన్ల బండికి రెండున్నర. 35,500. బాకీ కంటే ఏడు వేలు ఎక్కువ. బాకీ కట్టలేనిదాన్ని ఇల్లు ఎలా మారతాను?

మా గల్లీలో గిరిగిరి ఫైనాన్స్ వాళ్లు ఉన్నారు. పది వేలు అంటే చేతికి ఎనిమిదిన్నర ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం ఆరింటికి బండి మీద వచ్చి గేటు ముందు హారన్ కొడతారు, వీధి వీధంతా వినేలా. మా ఆయనైతే ఫోన్‌లో లోన్ యాప్ దింపాడు. అది కాంటాక్టులు, ఫోటోలు చూస్తానంది. 2020 డిసెంబర్‌లో ఈ ఊళ్లోనే ఆ యాప్‌ల వాళ్ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్న వార్తలు గుర్తొచ్చాయి. ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని తీసేశాను. చిన్న గొడవైంది కూడా.

ఉచిత న్యాయ సాయం కోసం చేసే 15100 నంబరు మా షాపులో బైండింగ్ చేసే భాయ్ చెప్పాడు. వాళ్ల చెల్లెలి కేసులో వాడారట. ఫోన్ చేస్తే పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమన్నారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితమట, 1987 చట్టంలోనే ఉందట. ఆధార్ జిరాక్స్, పాత అగ్రిమెంటు, ఫోన్‌పేలో కిరాయి పంపిన స్క్రీన్‌షాట్లు అన్నీ షాపులోనే ప్రింట్ తీసుకున్నాను. ప్రతి నెలా "కిరాయి" అని నోట్ రాసి పంపడం నాకు అలవాటు. ఇరవై తొమ్మిది నెలలు ఒక్కసారి కూడా ఆలస్యం లేదని ఆ కాగితాలు చూశాకే నాకూ తెలిసింది. కొంచెం ధైర్యం వచ్చింది.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, మూసీ వంతెన దాటి నడిచాను. అక్కడ కూర్చున్న లాయర్ మేడమ్ నా కాగితాలు చూసి, "మీ కిరాయి 3,500 దాటింది కదమ్మా, రెంట్ కంట్రోల్ చట్టం మీకు వర్తించదు" అంది. 3,500కి హైదరాబాద్‌లో ఇల్లు ఎక్కడుంది మేడమ్ అన్నాను. ఆమె నవ్వింది. పక్కన కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు.

తర్వాత విడమరిచి చెప్పింది. మా పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది కాబట్టి మేము నెలవారీ కిరాయిదార్లం. ఖాళీ చేయించాలంటే రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అప్పటికీ కదలకపోతే కోర్టులో దావా వేయాలి. ఫోన్‌లో తారీఖు చెప్పడం నోటీసు కాదు. నీళ్లు ఆపడం, సామాన్లు బయట పడేయడం కుదరదు. నా ముఖం వెలిగినట్టుంది, వెంటనే అంది: "సంతోషపడకండి. చట్టం మీకు టైం ఇస్తుంది గానీ డబ్బు ఇవ్వదు. 28,500 మీరు ఇవ్వాల్సిందే. ఎంత తేగలరో చెప్పండి, వాళ్లను పిలుద్దాం."

కేసు వేయకముందే రాజీకి పిలిచే పద్ధతి ఉంది. ఫీజు లేదు. అర్జీ రాసి ఇచ్చాను. నోటీసు అందిన రోజు ఆంటీ మెట్ల కిందే నిలబడి ఉంది. "కోర్టు దాకా ఎందుకు పోయినవ్ బిడ్డా? నన్ను అడిగితే కాదంటినా?" అంది. చేతిలో కవర్ వణుకుతోంది. ఏం చెప్పాలో తెలియలేదు. నిజానికి ఆమె అడిగినప్పుడే నేను ఫోన్ ఎత్తి ఉంటే ఆ కవర్ వచ్చేదే కాదు. సారీ ఆంటీ అన్నాను. కానీ నీళ్ల వాల్వ్ సంగతి ఆమెకు తెలియదని అప్పుడే బయటపడింది. ఆ సాయంత్రమే నీళ్లు వచ్చాయి.

ఇక డబ్బు. మా మహిళా సంఘంలో పది మందిమి. నెలకు రెండొందలు పొదుపు. పది వేల అప్పు అడిగాను. పుస్తకంలో తీర్మానం రాయాలి, దేనికోసమో రాయాలి. కిరాయి బాకీకి అన్నాను. అధ్యక్షురాలు పెన్ను ఆపింది. "గట్ల రాస్తే మంచిగుండదు వదినా" అని, "కుటుంబ అవసరం" అని రాసింది. ముందు పేజీలో ఒకామె చీర ఫంక్షన్‌కు తీసుకున్న అప్పు ఉంది. దానికి చీర ఫంక్షన్ అనే రాసి ఉంది. నేనేం అనలేదు, సంతకం పెట్టాను. వడ్డీ నూటికి రూపాయి, పది నెలల్లో కట్టాలి. బైండింగ్ భాయ్ మూడు వేలు కవర్లో పెట్టి ఇచ్చాడు. ఎప్పుడివ్వాలని అడిగితే కత్తెర పదును పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. అవి ఇంట్లో సరుకులకు, మందులకు పోయాయి. మా సార్ దగ్గర మాత్రం తెగించి అడిగాను. ఆగిన జీతం పదహారు వేలు దాటింది అని చెబితే శ్రావణంలో సర్దుతానన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించుకున్నాను. పురానీ హవేలీ నేర్పిన బుద్ధి అది.

ఇంతలో బోర్డు గేటుకే ఉంది. రెండు వారాల్లో నలుగురు వచ్చి చూశారు. అందరూ ఒకటే మాట, ఆషాఢంలో ఇల్లు మారం, శ్రావణంలో వస్తాం. మా పోర్షన్ చూడ్డానికి వచ్చిన ఒక కొత్త జంట నన్నే అడిగింది, నీళ్లు బాగా వస్తాయా అని. వస్తాయి అన్నాను. ముహూర్తాలు లేకనే నా జీతం ఆగింది, ముహూర్తాలు లేకనే నా ఇల్లు ఆగింది. మా షాపులో క్యాలెండర్ వేసేది మేమే గనక పంచాంగం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ నెల మాత్రం దానికి దండం పెట్టాను.

జులై ఆఖరులో ఇద్దరినీ కూర్చోబెట్టారు. కొడుకు ఆఫీసుకు లీవు పెట్టి వచ్చాడు, చిరాకుగానే ఉన్నాడు. నా కాగితాలు టేబుల్ మీద పెట్టాను. ఇరవై తొమ్మిది స్క్రీన్‌షాట్లు ఒక్కోటి తిప్పి చూశాడు. "మా అమ్మ నాలుగైదు సార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు, మేమేం అనుకోవాలి?" అన్నాడు. దానికి నా దగ్గర కాగితం లేదు.

రాసుకున్నది ఇది. ఆ రోజే పది వేలు. ఆగస్టు నుంచి నెలనెలా కిరాయి 5వ తారీఖుకు. మిగిలిన 18,500 సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ఐదు వాయిదాలు, నెలకు 3,700. బోర్డు తీసేయాలి. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఈ రాజీ కోర్టు డిక్రీతో సమానమని, అప్పీలు ఉండదని, వాయిదా తప్పితే వాళ్లు నేరుగా అమలుకు పోవచ్చని మేడమ్ రెండుసార్లు చెప్పింది. రెండోసారి నన్నే చూస్తూ చెప్పింది.

ఆగస్టు 5న శ్రావణం వచ్చింది. కార్డుల ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. రాత్రి పదింటిదాకా వరుడు, వధువు, సుముహూర్తం, విందు. సార్ ఆగిన జీతం రెండు విడతల్లో ఇచ్చాడు. మా ఆయన దసరాకు మళ్లీ బండి ఎక్కాడు, ముందు దగ్గర ట్రిప్పులే. డిసెంబర్ వాయిదా నాలుగు రోజులు ఆలస్యమైంది. అది ముందే కిందికి వెళ్లి ఆంటీకి చెప్పాను. టీ ఇచ్చింది.

జనవరిలో చివరి 3,700 పంపాక పక్క పోర్షన్ వాళ్లకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆంటీ మెట్ల కింద మీటర్ బాక్స్ వెనకాల నుంచి పాత బోర్డు తీసి తుడుస్తూ, కొడుకు నంబర్ మారిందని, కొత్తది చేసి పెట్టమని అడిగింది. మర్నాడు కంపోజ్ చేశాను. ర్ష వత్తు సరిచేశాను. లామినేషన్‌తో కలిపి అరవై రూపాయలు అన్నాను. ఆంటీ నా ముఖం చూసి, కొంగు ముడి విప్పి ఇచ్చింది.