గాబ్లిన్‌తో బేరం

ఈ వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలకీ పక్కింటి వాళ్లకీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. కథ నేను చెబుతాను, మీ పాత్ర ఏం చేస్తుందో మీరు చెప్పాలి, జరుగుతుందో లేదో తెలియని చోట ఇరవై ముఖాల పాచిక వేయాలి. అంతే. రూల్స్ పుస్తకం బయటికే తీయలేదు. పిల్లలకి అది చదివి వినిపిస్తే ఆట అక్కడే చస్తుంది.

కథలో గుహ ముందు కాపలా ఉన్న గాబ్లిన్‌ని, అంటే పొట్టి రాక్షసుణ్ణి, చూడగానే పెద్దాడు కత్తి దూశాడు. పక్కింటి ఆరో తరగతి పిల్ల మాత్రం, "నీకు జీతం ఎంతిస్తున్నారు?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ఒప్పించాలంటే 15 దాటాలన్నాను. పాచిక కాస్తా మంచం కిందికి దొర్లింది. అందరూ బోర్లా పడుకుని చూశారు: 17! గాబ్లిన్ ఉద్యోగం మానేసి వీళ్లతో వచ్చేశాడు. వాడికి సుబ్బారావు అని పేరు కూడా పెట్టారు.

ఈసారి కథ తనే చెబుతానని పెద్దాడు పట్టుబట్టాడు. చెప్పనీ. మంత్రగాడి పాత్ర వేయాలని నాకెప్పట్నుంచో ఉంది.