డ్రెయిన్లతో ఎనిమిది రోజులు

నేను ట్రాన్స్ మగవాణ్ణి. దగ్గరలో టాప్ సర్జరీ, అంటే రొమ్ములు తీసేసి ఛాతీని మగవాళ్లలా చదును చేసే ఆపరేషన్, చేసేవాళ్లు లేక రాత్రంతా రైల్లో ప్రయాణించి వెళ్లాం, నేనూ అక్కా. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మొదలుపెట్టి రెండేళ్లు దాటింది, గొంతు మారింది, గడ్డం వచ్చింది, అయినా ఛాతీని అణిచిపెట్టే బిగుతు బనియన్, బైండర్, లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. బైండర్ వేసుకుని నిద్రపోకూడదని అక్క పట్టుబట్టి తీయించింది. దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నాను. "ఇదే ఆఖరుసారి లేరా" అంది.

ఫైల్లో ఆపరేషన్‌కి సరేనంటూ మానసిక వైద్యులిచ్చిన లెటర్లు రెండు పెట్టుకున్నాను, ఎక్కడ వెనక్కి పంపుతారో అన్న భయంతో. ట్రాన్స్‌జెండర్ల వైద్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూపాథ్ 2022లో తెచ్చిన ఎనిమిదో వెర్షన్ మార్గదర్శకాలు పెద్దవాళ్లకి, లెటర్ అవసరమైన చోట, ఒక్కటి చాలంటాయి. అక్కడా ఒక్కటే తీసుకున్నారు.

నాది డబుల్ ఇన్సిషన్. ఛాతీకి రెండు పక్కలా అడ్డంగా కోసి, కణజాలం తీసేసి, చనుమొనలు చిన్నవి చేసి మళ్లీ అతికిస్తారు. మూడు గంటలు పట్టింది, మర్నాడే డిశ్చార్జ్.

నేను చేసిన తప్పల్లా తిరుగు టికెట్ ఐదో రోజుకి తీసుకోవడం. డ్రెయిన్ల సంగతి అంత పట్టించుకోలేదు. కోసిన చోట లోపల చేరే నీరు బయటికి రావడానికి చంకల కింద నుంచి రెండు సన్నని గొట్టాలు, చివర కోడిగుడ్డంత ప్లాస్టిక్ బల్బులు. పొద్దునా సాయంత్రం అక్క మూత తీసి, కొలగ్లాసులో వంచి, ఎన్ని మిల్లీలీటర్లో కాగితం మీద రాసి, బల్బుని పిండి గాలి పోగొట్టి మూత బిగించేది. మొదట ముదురు ఎరుపు, తర్వాత గులాబీ, ఆ తర్వాత ఎండుగడ్డి రంగు. 24 గంటల్లో 30 లోపు వస్తే తీస్తామన్నారు. ఐదో రోజు కుడివైపు 20, ఎడమవైపు 55. టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాం, గది దొరుకుతుందో లేదోనని ఒకటే టెన్షన్.

అందుకే ఎవరైనా వెళ్తుంటే పది రోజులకి తక్కువ గది తీసుకోవద్దంటాను. ముందు గుండీలున్న చొక్కాలే పెట్టుకోండి, చేతులు భుజాల పైకి లేవవు. వెల్లకిలా పడుకోవాలి కాబట్టి దిండ్లు ఎన్నున్నా చాలవు.

ఎనిమిదో రోజు రెండు డ్రెయిన్లూ తీశారు. కట్టు విప్పితే చనుమొనల మీద నల్లటి పెచ్చు. చచ్చిపోయాయేమో అనుకుని వణికిపోయాను, పెచ్చు ఊడితే కింద చర్మం ఉంటుంది, మామూలే అన్నారు డాక్టరు. ఆ తర్వాతే మిగతా ఛాతీని చూసుకున్నాను, చాలాసేపు.

తొమ్మిదో రోజు రైలెక్కాం. పై అరలో బ్యాగు పెట్టమని ఎదుటి సీటాయన నన్ను అడిగితే అక్క లేచి, "మా తమ్ముడికి ఆపరేషన్ అయిందండీ, బరువెత్తకూడదు" అని తనే పెట్టింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా గంటకోసారి నడవమన్నారు. బోగీ చివరిదాకా వెళ్లి వస్తుంటే, "ఇంకా వంగే నడుస్తున్నావు, దాచడానికి ఏముందిరా ఇప్పుడు" అంది. కుట్లు లాగనంత మేరకు వీపు నిటారుగా పెట్టి ఇంకోసారి వెళ్లి వచ్చాను.