బి సైడు చివరి పాట ఇంకా లొంగట్లేదు: 1988 క్యాసెట్టు, కరెంటు హమ్ము, శృతి లెక్కలు

బి సైడు చివరి పాట దగ్గర మళ్లీ ఆగిపోయాను. మిగతా క్యాసెట్టంతా కంప్యూటర్లోకి ఎక్కింది. ఈ ఒక్క జానకమ్మ పాట మాత్రం మొదలైన శృతిలో ముగియడం లేదు. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పడేసి, ఆ చిరాకులోనే ఇది రాస్తున్నాను.

మంచి కబుర్లు ముందే చెప్పేస్తాను. ఊడిపోయిన ఫెల్టు ముక్క స్థానంలో వేరే క్యాసెట్టుది అతికిస్తే నిలబడింది. రీలును చదివే హెడ్డు వాలును సరిచేసే అజిమత్ స్క్రూ కాస్త తిప్పగానే మూసుకుపోయినట్టున్న గొంతులు విచ్చుకున్నాయి. ఎ సైడు పూర్తయింది.

క్యాసెట్టు టీడీకే డి60. నల్లగొండ ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివే రోజుల్లో, 1988లో, గడియారం సెంటర్ దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్‌లో నింపించింది. కంపెనీ క్యాసెట్టు కొంటే ఒకటో రెండో సినిమాల పాటలే వచ్చేవి, అందులో మనం వినేవి మూడు. ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని చీటీ మీద లిస్టు రాసిస్తే పన్నెండు పాటలూ మనవే. ఇళయరాజావి ఎనిమిది, చక్రవర్తివి మూడు, మా రూమ్మేటు పట్టుబట్టి రాయించిన ఒక హిందీ పాట. ముప్పై అయిదేళ్లు దాటినా రీలు పొడి రాల్చలేదు, జిగురెక్కలేదు. షెల్లుకు స్క్రూలు ఉండటం ఇంకో వరం. అతుకు వేసేసిన షెల్లులు విప్పాలంటే బ్లేడు పెట్టి పగలగొట్టాల్సిందే. 90 నిమిషాల క్యాసెట్టంటే నాకు అప్పుడూ పడేది కాదు, ఇప్పుడూ పడదు. 60లో రీలు మందం దాదాపు 18 మైక్రాన్లు, 90లో 12. ముచ్చటపడి ఎక్కువ పాటలు నింపించుకున్నవాళ్ల రీళ్లే ముందు పించ్ రోలర్‌కి, అంటే రీలును నడిపించే రబ్బరు చక్రానికి, చుట్టుకునేవి.

అసలు తగువు శృతి దగ్గర మొదలైంది. మా తమ్ముడికి ఎ సైడు నాలుగో పాట వినిపించి, అదే పాట ఫోన్లో స్ట్రీమింగ్‌లో పెట్టాను. "అన్నా, ఫోన్ల జల్ది జల్ది పాడుతున్నట్టుందే" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. మేమిద్దరం చెవులు అరిగేలా విన్నది ఈ క్యాసెట్టే కాబట్టి మా బుర్రల్లో ఉన్న శృతి దీనిదే. కొలిస్తే స్ట్రీమింగ్ కంటే క్యాసెట్టు 49 సెంట్లు కింద ఉంది. వంద సెంట్లు ఒక స్వరస్థానం, అంటే దాదాపు అర స్వరస్థానం తేడా. మొదటి పాట మాత్రం 21 సెంట్లే తక్కువ. ఒకే సైడులో రెండు పాటలకు రెండు లెక్కలు.

ముందు క్యాసెట్టు వాయించే నా డెక్కునే అనుమానించాను. 3150 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఉన్న టెస్ట్ టేపు పెడితే 3147 చూపించింది. రెండు సెంట్లు కూడా తేడా లేదు. రీలు మొదట్లో 3147, చివర్లో 3145. డెక్కు నిర్దోషి. కొత్తగా అమ్ముతున్న యూఎస్‌బీ క్యాసెట్టు ప్లేయర్లతో ఈ పని పెట్టుకోకండి. వాటిలో చాలావాటికి వేగాన్ని నిలకడగా ఉంచే ఫ్లైవీల్ చక్రానికి బరువే ఉండదు, పాట ఊగుతూ ఉంటుంది. ముసలి డెక్కు కొని బెల్టు మార్చుకోవడం నయం.

తప్పు నింపిన చోట ఉందంటే, నింపినప్పటి వేగం తెలిసేదెలా? పాటకూ పాటకూ మధ్య గుయ్‌మని వినిపించే కరెంటు హమ్మే నా కొలబద్ద. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, రీల్లోకి ఎక్కిన హమ్ము ఇప్పుడు 49 దగ్గర వినిపిస్తే వేగం రెండు శాతం తేడా అన్నట్టు. అందుకే రికార్డు చేయగానే నాయిస్ రిడక్షన్ కొట్టి హమ్ము చెరిపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొలవాల్సింది కొలిచాక చెరుపుకోండి, ఎవరొద్దన్నారు?

కొలవడంలో ఒక చిక్కుంది. పాటల మధ్య ఖాళీ నాలుగు సెకన్లే. అంత చిన్న ముక్కలో పావు హెర్ట్జ్ కంటే సన్నగా చూడటం కష్టం, 50 దగ్గర ఆ పావు అంటేనే దాదాపు తొమ్మిది సెంట్లు. కాబట్టి హమ్ముతో పాటే వినిపించే దాని మూడు రెట్ల స్వరం, అంటే మూడో హార్మోనిక్, 150 దగ్గర చూశాను, అక్కడ అదే పావు మూడు సెంట్లకు దిగుతుంది. నా డెక్కు కూడా తన హమ్ము కలుపుతుంది గానీ, ఇప్పుడు గ్రిడ్‌ను 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్న నియమం ఉంది కాబట్టి దాని గీత 150 దగ్గరే కదలకుండా నిలబడుతుంది. రీలుది పక్కన వేరే గీతగా కనిపిస్తుంది.

ఎ సైడు మొదటి పాట ముందు 148.2. నాలుగో పాట ముందు 145.8. సెంట్లలోకి మారిస్తే 21, 49. పాటల్లో తేడా ఎంతో హమ్ములోనూ అంతే! ప్రతి పాట వేగాన్ని హమ్ము 150కి వచ్చేలా మార్చాను. ఎ సైడు ఆరు పాటలూ స్ట్రీమింగ్‌తో చెట్టాపట్టాలేసుకుని నడిచాయి. ఆ సాయంత్రం ఇంట్లో నా హుషారు చూడాల్సింది.

బి సైడుకు వచ్చేసరికి లెక్క తలకిందులైంది. రెండో పాట ముందు హమ్ము 145.5, అంటే 53 సెంట్లు కింద. పాట చూస్తే ఆరు సెంట్లే తక్కువ. హమ్ము ప్రకారం సరిచేస్తే పాట 47 సెంట్లు పైకి ఎగిరి, బాలు గొంతు చిన్నపిల్లాడి గొంతయింది. అయిదో పాట దాకా ఇదే కథ. ఒకే క్యాసెట్టు, ఒకే దుకాణం, ఒకే పద్ధతి. సగంలో పనిచేసింది, సగంలో చెయ్యలేదు.

జవాబు హెడ్‌ఫోన్స్‌లో ఖాళీలు వింటుంటే దొరికింది. ఎ సైడు ఖాళీల్లో టిక్కు టిక్కుమని దుమ్ము చప్పుడు, అడుగున బరువైన గుడగుడ. అవి గ్రామఫోన్ రికార్డు నుంచి నింపినవి. బి సైడు రెండు నుంచి అయిదు దాకా టిక్కులు లేవు, హిస్సు మాత్రం రెట్టింపు. అవి కంపెనీ క్యాసెట్టు నుంచి నింపినవి.

ఇక్కడ మన కరెంటు చరిత్ర కాస్త చెప్పుకోవాలి. కాగితం మీద 50 హెర్ట్జ్ అయినా, ఉత్పత్తి కంటే వాడకం ఎక్కువైతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్‌లో 49 కిందికి దిగడం మామూలు విషయం. 2003 మొదట్లో ఫ్రీక్వెన్సీని బట్టి ధర కట్టే ఏబీటీ పద్ధతి వచ్చాకే కుదుటపడింది. 2013 డిసెంబరు 31న దేశ గ్రిడ్‌తో కలిసేదాకా దక్షిణాది గ్రిడ్ విడిగానే నడిచింది. బోరు మోటార్లు, లైట్లు అన్నీ ఒకేసారి పడే సాయంత్రం వేళ 48.6 ఉండటంలో వింత లేదు.

ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న టర్న్‌టేబుల్ ఆ ఫ్రీక్వెన్సీ వెంటే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 48.6 దగ్గర 32.4 మాత్రమే తిరుగుతుంది. పాటా హమ్ముతో పాటే కిందికి దిగుతుంది, కాబట్టి హమ్మును సరిచేస్తే పాటా సరవుతుంది. క్యాసెట్టు డెక్కులో ఉండేది డీసీ మోటారు, వేగం చూసుకునే గవర్నర్ దానిలోనే ఉంటుంది. గ్రిడ్ ఎటు పోయినా దానికి పట్టదు. అక్కడ హమ్ము ఒక్కటే పడింది, పాట పడలేదు. ఆ నాలుగు పాటలకూ హమ్మును వదిలేసి ఆరు సెంట్లు మాత్రం పెంచాను, సరిపోయింది.

ఇక ఆ చివరి పాట. దీనిలో టిక్కులున్నాయి, కాబట్టి రికార్డు నుంచి నింపిందే. ముందు ఖాళీలో హమ్ము 154.5. అంటే 51.5 హెర్ట్జ్, క్యాసెట్టు మొత్తంలో ఎక్కడా లేనంత ఎక్కువ. పాట కూడా దానికి తగ్గట్టే 51 సెంట్లు పైన మొదలవుతుంది. ఇక్కడిదాకా బుద్ధిగా ఉంది. రెండో చరణం దగ్గర 44. ఆఖరి పల్లవిలో 20. పాట అయ్యాక మిగిలిన హమ్ములో 150.9, అంటే పదే. నాలుగున్నర నిమిషాల్లో శృతి నలభై సెంట్లు జారింది, అదీ సమంగా కాదు, ఎక్కువ భాగం చివరి నిమిషంలోనే.

రీలు చివర బిగుసుకుంటోందేమోనని వేరే షెల్లులోకి మార్చాను. ఒక్క సెంటు కూడా మారలేదు. రికార్డు మధ్య చిల్లు పక్కకు పోయి ఉంటే శృతి ప్రతి చుట్టుకూ ఊగాలి, ఇలా ఒక వైపే జారదు. నాకు గట్టిగా అనిపించేది జనరేటరు. కరెంటు పోయి ఉంటుంది, పని మధ్యలో ఉంది కాబట్టి చిన్న పెట్రోలు జనరేటరు మీద నడిపి ఉంటారు. లోడు తక్కువగా ఉంటే అది 50 దాటి పరుగెడుతుంది, లోడు పడితే తగ్గుతుంది. పక్క కూల్‌డ్రింక్ షాపు ఫ్రిజ్ కూడా దానికే తగిలించారేమో! మధ్యలో కరెంటు తిరిగొచ్చి లైను మార్చారనుకుందామంటే, ఆ క్షణం రికార్డు తడబడాలి. ఎంత విన్నా ఎక్కడా తడబాటు లేదు. పల్లవి దగ్గర 20, హమ్ములో 10 ఎందుకంటే, సంగీతం సన్నగిల్లే చివరి ఇరవై సెకన్లలో ఇంకా పడి ఉంటుంది. అక్కడ కొలవడానికి నిలబడే స్వరమే లేదు.

పాట లోపల హమ్మును పట్టుకుంటే వంపు మొత్తం గీయొచ్చు. అడ్డొచ్చింది ఎవరనుకున్నారు? ఇళయరాజా బేస్ గిటారు. ఆయన బేస్ లైన్ల కోసమే ఆ రోజుల్లో హాస్టల్లో స్పీకరును మూలకు తిప్పి పెట్టి వినేవాళ్లం. ఈ పాటలో బేసు మాటిమాటికీ కింది జి స్వరం మీద వాలుతుంది. దాని ఫ్రీక్వెన్సీ 49 హెర్ట్జ్. హమ్ముది 50. టర్న్‌టేబుల్ రెండింటినీ కలిపే లాక్కెళ్తుంది కాబట్టి హమ్ము ఎటు జరిగితే బేసూ అటే జరుగుతుంది, మధ్య దూరం ఎప్పుడూ ఒక్క హెర్ట్జే. విడదీయాలంటే కనీసం రెండు సెకన్ల ముక్క కావాలి, అంతసేపు బేసు ఊరుకోదు. 150 దగ్గరికి వెళ్తే అక్కడా అదే స్వరపు మూడో హార్మోనిక్ 147తో కూర్చుని ఉంది. 100 దగ్గరా 98తో అదే గొడవ.

మిగిలింది చేత్తో సరిచేయడం. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, పాట వేగాన్ని చోటుచోటుకీ మార్చే టైమ్ ట్రాక్ పెట్టి వేగం శాతం పరిమితులు 97, 103కి కుదించి, స్ట్రీమింగ్ పాటతో పోలుస్తూ చుక్కలు పెట్టుకుంటూ వెళ్లాను. చరణాల దాకా బాగానే కలిసింది. చివరి నిమిషంలో మాత్రం చుక్క దగ్గర వయొలిన్లు ఒక్కసారిగా మెడ తిప్పినట్టు వినిపిస్తాయి. చుక్కలు పెంచితే మెడలు పెరిగాయి, తగ్గిస్తే గొంతు జారింది. మౌసుతో 0.2 శాతం జరపడమంటే ప్రాణం మీదికొస్తుంది. స్లైడింగ్ స్ట్రెచ్ కూడా వాడి చూశాను. అది శృతినీ వేగాన్నీ విడివిడిగా మారుస్తుంది, తబలా దెబ్బ చితికిపోయింది, నాకు నచ్చలేదు.

ఇంతా చేసి ఇంట్లో ఒక తగువు తేలలేదు. సరిచేసిన ఎ సైడు పెడితే తమ్ముడు అయిదు నిమిషాలు విని "పాతదే పెట్టన్నా" అన్నాడు. వాడి మాటలో న్యాయముంది. మేం నల్లగొండ రామగిరిలోని గదిలో విన్న నాలుగో పాట అర స్వరస్థానం కిందే ఉండేది, జానకమ్మ గొంతు కాస్త బరువుగా, తీరిగ్గా ఉండేది. బాత్రూంలో నేను ఎత్తుకునే శృతి ఇప్పటికీ అదే, కీబోర్డు దగ్గర పెట్టి చూసుకున్నాను కూడా. అందుకని రెండు ఫోల్డర్లు పెట్టాను: 'స్టూడియో శృతి', 'నల్లగొండ శృతి'. రెండూ నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైళ్లలోనే. డిస్కులు ఇంత చవకైన రోజుల్లో ఎంపీ3 దేనికి?

చివరి పాటకు ఇంకో ఉపాయం ఉంది. నింపింది రికార్డు నుంచే కాబట్టి ఆ ఎల్పీ దొరికితే గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో పని లేని డీసీ సర్వో టర్న్‌టేబుల్ మీద తిప్పి ఒక కాపీ తీసుకుంటాను. స్ట్రీమింగ్ వెర్షన్‌లో ప్రతిధ్వని కలిపారు, పోలిక సరిగ్గా కుదరదు. ఎల్పీ కాపీ అయితే టిక్కుల్లో కూడా కొన్ని కలుస్తాయి, ప్రెస్సింగులో పడినవి ఉంటే అవే నాకు గుర్తులు. సూర్యాపేటలో పాత రికార్డులు దాచుకున్న మిత్రుణ్ణి అడిగాను, అటక దింపి చూస్తానన్నాడు. ఈలోగా హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి రెండో డెక్కుకు బెల్టు, పించ్ రోలరు తేవాలి. ఆ తర్వాత వంతు మా చిన్నమ్మ దాచిన బతుకమ్మ పాటల క్యాసెట్టుది. అది బ్యాటరీ టేప్ రికార్డర్‌లో మైకు పెట్టి చేసింది, కాబట్టి హమ్మే ఉండదు. సెల్లులు నీరసించే కొద్దీ వేగం ఎలా పడిందో పట్టుకోవడానికి చప్పట్ల తాళం తప్ప వేరే ఆధారం లేదు. చప్పట్ల మధ్య దూరం కొలిచే పద్ధతి ఎవరైనా వాడి ఉంటే, ఒక్కో కొలతకు ఎన్ని సెకన్ల ముక్క (విండో) పెట్టారో చెప్పండి.